అడవిని కొట్టిందెవరు? ఉపగ్రహ చిత్రంలో ఆనవాలు పట్టే పద్ధతి

అమెజాన్‌లో పశువుల కోసం కొట్టిన అడవి పైనుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది. బోర్నియోలో పామాయిల్ కోసం కొట్టింది గళ్ల లుంగీలా ఉంటుంది. కాంగోలో పోడు, బాట పొడవునా చిన్న చిన్న మచ్చలై పాకుతుంది. పెరూలో బంగారం కోసం తవ్వింది మానని పుండులా, మధ్యలో రంగురంగుల నీటి గుంటలతో కనబడుతుంది. ఉష్ణమండల వర్షారణ్యాలు పోతున్నాయన్న వార్త వచ్చినప్పుడల్లా ‘మనుషుల వల్లే’ అని ఒక్క మాటతో సరిపెట్టేస్తుంటారు. ఏ మనుషులు, ఏ పనికి, ఏ దారిన వచ్చి కొట్టారన్నది ఇంట్లో కూర్చుని, పైసా ఖర్చు లేకుండా చాలావరకు తేల్చవచ్చు. విలేకరులకు, భూగోళం చెప్పే మాస్టార్లకు, పరిశోధన విద్యార్థులకు పనికొచ్చే పద్ధతి ఇది.

కావలసిన పనిముట్లు

నాలుగు చాలు, నాలుగూ ఉచితమే.

మొదటిది గ్లోబల్ ఫారెస్ట్ వాచ్. వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్ నడిపే వెబ్ పటం ఇది. మేరీలాండ్ విశ్వవిద్యాలయం అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాల నుంచి తయారుచేసే ‘చెట్ల కప్పు నష్టం’ పొర ఇందులో 2001 నుంచి ఏడాదివారీగా ఉంది. ఒక్కో పిక్సెల్ 30 మీటర్లకు 30 మీటర్లు. మన లెక్కలో 22 సెంట్లు, తెలంగాణ వాళ్లకైతే 9 గుంటలకు కాస్త తక్కువ. రెండోది కోపర్నికస్ బ్రౌజర్. ఐరోపా వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు 2015 నుంచి ఇక్కడ దొరుకుతాయి. పిక్సెల్ 10 మీటర్లు, అంటే దాదాపు ఒక గుంట. ఒకే చోటికి అయిదు రోజులకోసారి కొత్త చిత్రం వస్తుంది. మూడోది గూగుల్ ఎర్త్ ప్రో. ఫోన్‌లో కాదు, కంప్యూటర్‌లో వేసుకోవాలి. పైన వరసలో ఉండే గడియారం బొమ్మ నొక్కితే పాత చిత్రాలు ఒక్కొక్కటిగా వస్తాయి. నాలుగోది నాసా వాళ్ల ఫర్మ్స్, మంటలు కనబడిన చోట చుక్కలు పెట్టే పటం.

వీటితోపాటు ఒక నోటు పుస్తకం. చూసిన ప్రతి చోటికీ అక్షాంశ రేఖాంశాలు, చిత్రం తేదీ, ఉపగ్రహం పేరు రాసి పెట్టుకోవాలి. ఇది చాదస్తం అనిపిస్తుంది గానీ, వారం తర్వాత అదే మచ్చను మళ్లీ వెతుక్కోవాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది దాని విలువ.

ముందు పొరను దారికి తెచ్చుకోవాలి

గ్లోబల్ ఫారెస్ట్ వాచ్ తెరవగానే కనబడే గులాబీ మచ్చలన్నీ అడవి నరికివేత అనుకోవడం అందరూ చేసే మొదటి పొరపాటు. ఆ పొర చెప్పేది చెట్ల కప్పు పోయిందని మాత్రమే. వేసిన యూకలిప్టస్ తోట కోతకు వచ్చి కొట్టినా, ముసలి పామాయిల్ తోటను తీసి మళ్లీ నాటినా, గాలివాన పడగొట్టినా అదే గులాబీ రంగు. అందుకని మూడు సర్దుబాట్లు చేసుకోవాలి.

చెట్ల కప్పు పరిమితి మామూలుగా 30 శాతం దగ్గర ఉంటుంది. వర్షారణ్యం పని అయితే దాన్ని 75కి పెంచండి. పల్చని చెట్ల బీళ్లు రాలిపోతాయి. తర్వాత ‘ప్రాథమిక అడవి’ పొరను కలపండి. 2001 నాటికి కొట్టకుండా నిలిచిన తేమ అడవి ఎక్కడుందో అది చూపిస్తుంది. ఆ హద్దు లోపల పడిన మచ్చలే మనకు కావలసినవి. మూడోది, కాలాన్ని కుదించండి. 2001 నుంచి ఇప్పటిదాకా అంతా ఒకేసారి చూస్తే గులాబీ గంజి తప్ప ఏమీ కనబడదు. రెండేసి మూడేసి ఏళ్లు చొప్పున నడిపించండి.

ఇంకో చిక్కుంది. ఈ పొర తయారుచేసే పద్ధతి మధ్యలో మెరుగుపడింది. 2011 తర్వాత, మరీ ముఖ్యంగా 2015 తర్వాత, చిన్న మచ్చలను కూడా పట్టుకుంటోంది. కాబట్టి ‘2005 కంటే 2017లో నరికివేత రెట్టింపైంది’ లాంటి వాక్యం ఈ ఒక్క పొరను చూసి రాయకూడదు. బ్రెజిల్ వరకు అయితే ఆ దేశపు అంతరిక్ష సంస్థ ఇన్‌పే 1988 నుంచి నడుపుతున్న ప్రోడెస్ లెక్క నికరమైనది. దాని సంవత్సరం ఆగస్టు నుంచి జులై వరకు. 2021 లెక్క అంటే 2020 ఆగస్టులో మొదలైనదన్నమాట. ప్రధాన లెక్కలోకి 6.25 హెక్టార్లు, అంటే పదిహేను ఎకరాలు దాటిన మచ్చలే వస్తాయి. క్యాలెండర్ సంవత్సరంతో నడిచే గ్లోబల్ ఫారెస్ట్ వాచ్ అంకెను, ప్రోడెస్ అంకెను పక్కపక్కన పెట్టి ‘తేడా ఎందుకు దాస్తున్నారు’ అని నిలదీసేవాళ్లు ఉన్నారు. దాచింది ఏమీ లేదు, రెండూ కొలిచేవి వేరు.

మచ్చ కంటే ముందు బాట

ఒక మచ్చ దొరకగానే దాని మీదికి జూమ్ చేయాలని చెయ్యి లాగుతుంది. ఆగి, వెనక్కి రండి. తెర మీద 50 కిలోమీటర్ల వెడల్పు కనబడేలా పెట్టుకుని, దగ్గర్లో రోడ్డు ఎక్కడుంది, నది ఎక్కడుంది చూడండి. బ్రెజిల్ అమెజాన్ మీద 2014లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కలో దాదాపు 95 శాతం నరికివేత ఏదో ఒక రోడ్డుకు 5.5 కిలోమీటర్ల లోపు, లేదా నదికి ఒక కిలోమీటరు లోపు పడింది. అధికారిక రోడ్లే కాదు, కలప వాళ్లు, గనుల వాళ్లు సొంతంగా వేసుకున్న బాటలు కూడా ఇందులో ఉన్నాయి. పటంలో పేరు లేని బాటే చాలాసార్లు అసలు ఆనవాలు.

దారీ నదీ ఏమీ లేకుండా అడవి నడిమధ్యన మచ్చ కనబడితే ముందు ప్రకృతిని అనుమానించాలి. పెనుగాలి పడగొట్టిన చోటు విసనకర్రలా విచ్చుకుని, అంచులు చెదిరిపోయి ఉంటుంది. నది ఒరుసుకుపోయిన చోటు, వంపు బయటి ఒడ్డున నెలవంకలా ఉంటుంది. కొండచరియ విరిగితే వాలు వెంబడి పైనుంచి కిందకు గీత గీసినట్టుంటుంది. మనిషి కొట్టిన చోటుకు సాధారణంగా ఒక పక్కన్నా తిన్నని అంచు ఉంటుంది.

చేప ముల్లు: పశువులు, భూమి కబ్జా

కన్ను అలవాటు కావడానికి మంచి చోటు బ్రెజిల్‌లోని రొండోనియా రాష్ట్రం. గూగుల్ ఎర్త్‌లో అరికెమెస్ పట్టణం వెతకండి (దక్షిణ అక్షాంశం 9.9, పశ్చిమ రేఖాంశం 63.0). పట్టణం మీదుగా పోయే పెద్ద రోడ్డు బీఆర్-364. ప్రపంచ బ్యాంకు అప్పుతో దానికి తారు పడింది 1984లో. పెద్ద రోడ్డుకు అడ్డంగా పిల్ల రోడ్లు, ఒకదానికొకటి దాదాపు 4 కిలోమీటర్ల దూరంలో వరసగా వెళతాయి. ఆ దూరం ఎందుకలా ఉందంటే, స్థిర నివాసానికి వచ్చిన కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చిన భాగం 500 మీటర్ల ముఖం, 2,000 మీటర్ల లోతు. అంటే 100 హెక్టార్లు, 247 ఎకరాలు. రెండు వరసల భాగాలు వీపుకు వీపు ఆనించి పెడితే రోడ్డుకూ రోడ్డుకూ మధ్య 4 కిలోమీటర్లు. ప్రతివాడూ రోడ్డు ముఖం నుంచి లోపలికి కొట్టుకుంటూ పోయాడు. ముల్లు అలా లావెక్కింది.

గడియారం బొమ్మ నొక్కి 1985 నుంచి ఇప్పటిదాకా నడిపించి చూడండి. ముందు వెన్నెముక వస్తుంది, తర్వాత ముళ్లు, తర్వాత ముళ్ల మధ్య మాంసం మాయమవుతుంది. ఇంకా కిందికి వస్తే ఉరు-ఎవు-వవు-వవు ఆదివాసుల ప్రాంతపు హద్దు దగ్గర ఆ ముళ్లు కత్తితో కోసినట్టు ఆగిపోతాయి. హద్దు రాతి వల్లనే అడవి నిలబడిందని దీన్ని మించిన సాక్ష్యం అక్కర్లేదు. హద్దు లోపలికి పొడుచుకు వచ్చిన కొత్త మచ్చలుంటే అవి కబ్జాలని వేరే చెప్పక్కర్లేదు.

కొట్టిన నేల పచ్చిక బయలా, పొలమా అన్నది తర్వాతి ప్రశ్న. అమెజాన్‌లో కొట్టిన నేలలో అత్యధిక భాగం పచ్చికే అయింది. పచ్చిక బయలులో అక్కడక్కడా ఒంటరి తాటి జాతి చెట్లు, పడిపోయిన మొద్దులు, పశువులు నీటి గుంట దగ్గరికి నడిచి నడిచి గీసిన సన్నని దారులు కనబడతాయి. ఆ దారులన్నీ గుంట దగ్గర కలుస్తాయి. పచ్చిక ఎండాకాలంలో పసుపు తిరుగుతుంది గానీ నేల పూర్తిగా బయటపడదు. సోయా పొలం అలా కాదు. అంచులు తిన్నగా, నేల బల్లపరుపుగా, వందల ఎకరాలు ఒకే రంగు. బ్రెజిల్‌లోని మాటో గ్రొసో రాష్ట్రంలో సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎర్ర నేల, జనవరిలో ముదురాకుపచ్చ, ఫిబ్రవరి మార్చిల్లో కోత, వెంటనే రెండో పంటగా మొక్కజొన్న. ఏడాదిలో పచ్చదనం రెండుసార్లు లేచి పడిందంటే అది దున్నే పొలమే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ రోజు పచ్చిక కనబడింది కదా అని ‘గొడ్డు మాంసమే కారణం’ అని తేల్చేయకూడదు. చాలా బయళ్లలో హెక్టారుకు ఒక పశువు కూడా నిండుగా ఉండదు. అంత పల్చగా మందను మేపితే వచ్చే ఆదాయం తక్కువే. మంద అక్కడుండేది మాంసం కోసం ఎంతో, ‘ఈ భూమి నాది’ అని చూపడానికీ అంతే. బ్రెజిల్‌లో ఈ కబ్జా పద్ధతికి ‘గ్రిలాజెం’ అని పేరు. దొంగ పత్రాలను కీచురాళ్లతో కలిపి పెట్టెలో పెడితే అవి పసుపెక్కి పాతవిలా కనబడేవట, కీచురాయి పేరు మీదే మాట పుట్టింది. ఇప్పుడు ఆ పని స్వీయ ప్రకటన మీద నడిచే గ్రామీణ పర్యావరణ రిజిస్ట్రీ చేస్తోంది. ఆ రిజిస్ట్రీ పటాన్ని తెరిచి, మీ మచ్చ మీద ఎవరి పేరుతో గీత ఉందో కాదు, ఒకే నేల మీద ఎన్ని గీతలు ఒకదానిపై ఒకటి పడ్డాయో చూడండి. ప్రభుత్వ అడవి మీద మూడు నాలుగు గీతలు పడి ఉంటే అది పట్టా ఆశతో కొట్టిన అడవి.

సోయా విషయంలో కూడా ఇలాంటి మెలికే ఉంది. 2006లో వ్యాపార సంస్థలు, కొత్తగా కొట్టిన అమెజాన్ నేల మీద పండిన సోయా కొనబోమని ఒప్పందం చేసుకున్నాయి. ఏ తేదీ తర్వాత కొట్టినదాన్ని ‘కొత్తగా కొట్టింది’ అనాలన్న గడువు తర్వాత 2008 జులైకి మారింది. అడవి నుంచి నేరుగా సోయాకు మారడం బాగా తగ్గింది. కానీ సోయా రైతు పాత పచ్చికను కొని సోయా వేసి, దాన్ని అమ్మిన పశువులవాడు ఆ డబ్బుతో ఉత్తరాన కొత్త అడవి కొనుక్కుంటే, చిత్రంలో సోయా ఎక్కడా దోషిగా కనబడదు. మచ్చను మాత్రమే చూసేవాళ్లు ఈ నడకను పట్టుకోలేరు. దక్షిణాన పచ్చిక పొలమైన ఏడు, ఉత్తరాన అడవి పచ్చికైన ఏడు పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

గళ్లు: పామాయిల్

దీన్ని గుర్తుపట్టడానికి బోర్నియో దాకా వెళ్లక్కర్లేదు. ముందు అశ్వారావుపేట చూడండి. గోదావరి జిల్లాల రైతుకు ఎకరాకు 57 చెట్లని తెలుసు. 9 మీటర్ల త్రిభుజం పద్ధతి, హెక్టారుకు 143. దగ్గర చిత్రంలో ఒక్కో చెట్టూ నక్షత్రంలా, వరస తప్పకుండా కనబడుతుంది. ఆ ఆకారం కంటికి ఎక్కాక బోర్నియోలో ఇండోనేషియా వైపున్న మధ్య కలిమంటన్‌లోని సాంపిట్ పట్టణానికి వెళ్లండి (దక్షిణం 2.5, తూర్పు 112.9). చెట్టు అదే, కొలత వేరు. మన దగ్గర రైతు కమతాలు, వాటి మధ్య వరి, కొబ్బరి, ఊళ్లు. అక్కడ కంపెనీ తోట. 300 మీటర్లకు 1,000 మీటర్ల గడులు, ఒక్కోటి 30 హెక్టార్లు, గడి చుట్టూ మట్టి రోడ్డు, అలా పదుల కిలోమీటర్లు. గోదావరి తోటలు చాలావరకు సాగు భూమిలో వచ్చాయి. కలిమంటన్, సుమత్రాల్లో పెద్ద భాగం అడవి స్థానంలో వచ్చింది. పంట ఒకటే అయినంత మాత్రాన కథ ఒకటే కాదు.

కొండ మీద గడులు ఉండవు. వాలు వెంబడి మెట్లు చెక్కి నాటుతారు, పైనుంచి వేలిముద్రలా కనబడుతుంది. అక్కడ రబ్బరుతో పొరపడే ప్రమాదముంది. లావోస్, కంబోడియా వైపు రబ్బరు జనవరి, ఫిబ్రవరుల్లో ఆకు రాలుస్తుంది. ఆ నెలల చిత్రంలో గోధుమరంగు తిరిగితే రబ్బరు, పచ్చగానే ఉంటే పామ్.

లేత తోట కన్ను కప్పుతుంది. నాటిన మొదటి రెండేళ్లు నేల కప్పడానికి తీగజాతి పప్పుమొక్కలు చల్లుతారు, సెంటినెల్ చిత్రంలో అంతా నున్నని పచ్చ. ‘అడవి మళ్లీ వస్తోంది’ అని రాసేస్తే నవ్వులపాలే. గడుల రోడ్లు ఉన్నాయో లేదో చూడాలి.

కారణం తేల్చడంలో మిల్లు చాలా పనికొస్తుంది. గెల కోసిన 24 గంటల్లో మిల్లుకు చేరకపోతే నూనెలో ఆమ్లం పెరిగి ధర పడిపోతుంది. అందుకని మిల్లు లేనిచోట తోట ఉండదు, తోట ఆశ లేనిచోట మిల్లు కట్టరు. గ్లోబల్ ఫారెస్ట్ వాచ్‌లో నూనె మిల్లుల పొర ఉంది. మీ మచ్చకు 50 కిలోమీటర్ల లోపు ఎన్ని మిల్లులున్నాయో లెక్కపెట్టండి. మచ్చ కంటే మిల్లు ముందు వచ్చిందా, తర్వాత వచ్చిందా పాత చిత్రాల్లో చూడండి.

తోటల నడుమ నల్లని తిన్నని గీతలు కనబడితే అవి కాలువలు, అక్కడ నేల పీట్. వేల ఏళ్లుగా కుళ్లకుండా నీట మునిగి పేరుకున్న ఆకు, కొమ్మ అది. నీరు తీసేస్తే కుంగుతుంది, ఎండితే నేలే కాలుతుంది. మధ్య కలిమంటన్‌లో 1996లో సుహార్తో ప్రభుత్వం పది లక్షల హెక్టార్లలో వరి పండిస్తామని పీట్ అడవిని కొట్టించి వేల కిలోమీటర్ల కాలువలు తవ్వించింది. అనుకున్న వరి పండలేదు. 1997లో ఎల్‌నినో కరవు వచ్చి ఆ ఎండిన నేల అంటుకుంది. పాలంకరాయా పట్టణానికి దక్షిణాన ఆ కాలువల గళ్లు ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి. అక్కడ చాలాచోట్ల పంట లేదు కాబట్టి ‘కారణం: తెలియదు’ అని వదిలేయకండి. కారణం కాలువే.

మచ్చలు: పోడు

కాంగో నది ఒడ్డున కిసాంగాని (ఉత్తరం 0.5, తూర్పు 25.2) చుట్టూ చూడండి. బాట వెంట ఊళ్లు, ఊరి వెనక రకరకాల పచ్చలు అతుకుల బొంతలా ఉంటాయి. గోధుమరంగు ఈ ఏడు కొట్టింది, లేత పచ్చ పంట, నడిమి పచ్చ రెండు మూడేళ్లు పండించి వదిలిన బీడు, ముదురు పచ్చ పాత అడవి. ఒక్కో మచ్చ రెండు మూడు ఎకరాలకు మించదు. కాంగో పరీవాహకంలో అడవి చెదిరిన విస్తీర్ణంలో 84 శాతం ఇలా యంత్రం లేకుండా చేత్తో కొట్టిన చిన్న చెక్కలదేనని 2018లో ఒక అధ్యయనం తేల్చింది.

పోడు అనగానే నేరం గిరిజనుల మీద వేయడం మన తూర్పు కనుమల్లోనూ పాత అలవాటే. తీర్పు ఇచ్చే ముందు ఒక పని చేయండి. అదే మచ్చను పది పదిహేనేళ్లు నడిపించి చూడండి. మచ్చ మళ్లీ ముదురు పచ్చకు తిరిగి, మళ్లీ అక్కడే కొట్టి ఉంటే అది తిరుగుడు సాగు, అడవి నష్టం కింద ఏటా కొత్తగా కూడకూడదు. అతుకుల బొంత వెడల్పు ఏటా పెరిగి పాత అడవిలోకి పాకుతోందా అన్నదే కొలవాలి. పెరుగుతుంటే జనం పెరిగారా, బీడు కాలం తగ్గించారా, పట్నానికి బొగ్గు పోతోందా అని వెతకాలి. కట్టెబొగ్గుకు సొంత ఆకారం లేదు. పట్నం వైపు రోడ్డు పొడవునా అడవి పల్చబడటమే దాని గుర్తు.

మిగతావి, టూకీగా

బంగారం: పెరూలోని ప్వెర్టో మాల్డొనాడో నుంచి పశ్చిమంగా మహాసముద్రాలను కలిపే హైవే వెంట వెళితే లా పంపా వస్తుంది. ఇసుక తెలుపు, మధ్యలో పచ్చ, పసుపు, గోధుమ రంగు గుంటలు, వాగుల వెంట వంకరటింకరగా ఉంటాయి. మట్టి కడిగేసిన నేల కాబట్టి ఏళ్లు గడిచినా సరిగా పచ్చబడదు. దీన్ని గుర్తుపట్టడం అన్నిటికంటే తేలిక.

కలప: ఎంపిక చేసి చెట్లు కొట్టే చోట పెద్ద మచ్చ పడదు. ఈకలా చీలిన సన్నని బాటలు, దుంగలు పేర్చే చిన్న చిన్న ఖాళీలు కనబడతాయి. రెండు మూడేళ్లలో పైకప్పు మూసుకుపోయి అన్నీ మాయం. అందుకే కలప నేరం లెక్కల్లో ఎప్పుడూ తక్కువే. కానీ ఆ బాటలోనే తర్వాత పశువులవాడు వస్తాడు.

చక్రాలు: బొలీవియాలో శాంతాక్రూజ్ నగరానికి తూర్పున నడిమధ్య ఊరు, చుట్టూ బండి చక్రపు ఆకుల్లా పొలాలు. ప్రణాళిక ప్రకారం కుటుంబాలను దింపిన చోటు.

ఆనకట్ట: బ్రెజిల్‌లో 1980ల చివర నిండిన బాల్బినా జలాశయం 2,300 చదరపు కిలోమీటర్లకు పైగా అడవిని ముంచింది. దాని విద్యుత్ సామర్థ్యం 250 మెగావాట్లు. చిత్రంలో వేల దీవుల నల్లని నీరు.

కోకో: ఇది చేతులెత్తేసే చోటు. ఐవరీ కోస్ట్‌లో పెద్ద చెట్ల నీడన కోకో వేస్తే పైనుంచి అడవే. మన అరకు, పాడేరుల్లో సిల్వర్ ఓక్ నీడన కాఫీ ఉన్నట్టే. ఆకారం మీద తీర్పు చెప్పకండి, నేల మీది సమాచారం కావాలి. ఐరోపా సమాఖ్య కొత్త చట్టం 2020 డిసెంబరు 31 తర్వాత కొట్టిన అడవి నుంచి వచ్చిన కాఫీ, కోకో, పామాయిల్, సోయా, రబ్బరు, కలప, పశువుల ఉత్పత్తులను రానివ్వనంటోంది. అమలు తేదీ వాయిదా పడుతూ వస్తోంది గానీ, అరకు రైతు తోటకు కూడా అక్షాంశ రేఖాంశాలు అడిగేది అందుకే. 4 హెక్టార్లు దాటితే తోట హద్దు మొత్తం గీసి ఇవ్వాలి, అంతకు లోపు ఒక్క చుక్క చాలు.

మంట తేదీ, కొట్టిన తేదీ ఒకటి కావు

వర్షారణ్యం తడి అడవి. పచ్చిగా ఉండగా అగ్గిపుల్లకు అంటుకోదు. దక్షిణ అమెజాన్‌లో మే, జూన్‌లలో కొట్టి, రెండు మూడు నెలలు ఎండనిచ్చి, ఆగస్టు, సెప్టెంబరులలో తగలబెడతారు. ఫర్మ్స్‌లో మంట చుక్క పడిన తేదీ నుంచి మూడు నెలలు వెనక్కి వెళ్లి సెంటినెల్ చిత్రం చూస్తే కొట్టిన వారం కూడా దొరకవచ్చు. చుక్క ఉన్న చోటే మంట ఉందనుకోవద్దు. మంటలను పట్టే ఉపగ్రహ పరికరాలు రెండు: వైర్స్ పిక్సెల్ 375 మీటర్లు, మోడిస్‌ది కిలోమీటరు, చుక్క పెట్టేది ఆ గడి నడిమధ్యన. పైగా చాలా చుక్కలు పాత పచ్చికను శుభ్రం చేయడానికి ఏటా పెట్టే మంటలవి, కొత్త అడవివి కావు. ప్రాథమిక అడవి పొర మీద పెట్టి చూస్తే ఆ రెండూ విడిపోతాయి.

అలాగని అన్ని మంటలనూ కొట్టినవాడి ఖాతాలోనే వేయలేం. 2024లో ఉష్ణమండలంలో పోయిన 67 లక్షల హెక్టార్ల ప్రాథమిక అడవిలో దాదాపు సగం మంటల వల్ల పోయింది. కరవు ఏడాది పక్క పొలం మంట నిలువెత్తు అడవిలోకి పాకింది. అలా కాలిన చోట తిన్నని అంచు ఉండదు, చెట్లు నిలబడే మాడి ఉంటాయి. వాటిని ‘పచ్చిక కోసం కొట్టింది’ కింద రాయకండి, మూడేళ్లు ఆగి ఆ నేల ఏమైందో చూడండి.

మబ్బుల బెడద గురించి కూడా తెలుసుకోవాలి. కోపర్నికస్ బ్రౌజర్‌లో మబ్బు పరిమితి 20 శాతానికి తగ్గించి, అమెజాన్‌కైతే జూన్ నుంచి సెప్టెంబరు వరకు వెతకండి. రంగుల కూర్పుల్లో ఎస్‌డబ్ల్యూఐఆర్ (కంటికి కనబడని పరారుణ కిరణాలతో తీసిన చిత్రం) ఎంచుకుంటే పలచని పొగ ఉన్నా నేల తెలుస్తుంది. అడవి పచ్చగా, ఖాళీ నేల గులాబీ గోధుమగా, నీరు నల్లగా వస్తాయి. గాబన్, పాపువా లాంటి ఎప్పుడూ మబ్బు పట్టే చోట గ్లోబల్ ఫారెస్ట్ వాచ్‌లోని రాడ్ హెచ్చరికలు వాడండి. రాడార్ మబ్బును చీల్చుకుని చూస్తుంది. అయితే చిత్తడి అడవిలో వరద లేచి దిగినప్పుడు అది దొంగ హెచ్చరికలు ఇస్తుంది, కాబట్టి ‘ఎక్కువ నమ్మకం’ అని గుర్తున్నవే తీసుకోండి.

కొట్టిన చేతి నుంచి కొట్టించిన చేతి దాకా

ఇప్పటిదాకా తేలింది నేలను ఇప్పుడు ఎవరు వాడుతున్నారన్నది. అసలు కారణాల జాబితా దీనికి పైన ఉంటుంది. 2002లో ఉష్ణమండలం నలుమూలల నుంచి 152 ఉదాహరణలను కలిపి చూసిన ఒక పరిశీలనలో ఒకే కారణం ఉన్నవి అరుదు. సాగు, రోడ్డు, కలప కలిసి వచ్చాయి. వాటి వెనక ధరలు, ప్రభుత్వ విధానం, పట్టా చట్టాలు ఉన్నాయి. మీ మచ్చకు ఆ గొలుసును పట్టుకోవడానికి ఒక కాలపట్టిక గీయండి. ఎడమ వైపు చిత్రాల్లో చూసినవి, తేదీలతో. కుడి వైపు అదే కాలంలో ఆ చోట రోడ్డు, రాయితీ, చట్టం, ధర. బ్రెజిల్ ప్రోడెస్ అంకె 2004లో 27,772 చదరపు కిలోమీటర్ల నుంచి 2012లో 4,571కి పడింది. ఆ ఎనిమిదేళ్ల కుడి వైపు గడిలో ఉపగ్రహ నిఘా, కొత్త రక్షిత ప్రాంతాలు, సోయా ఒప్పందం, అక్రమంగా కొట్టినవాళ్లకు బ్యాంకు అప్పు ఆపడం ఉంటాయి. కబ్జాదారులు మంచివాళ్లైపోలేదు, లెక్క గిట్టలేదు.

గ్లోబల్ ఫారెస్ట్ వాచ్‌లో ‘ప్రధాన కారణం’ పొర కూడా ఉంది. ఒక కిలోమీటరు గడికి ఒకే కారణం చెబుతుంది, ఏడు రకాలు. దాన్ని ముందే చూస్తే కన్ను పనిచేయడం మానేస్తుంది. మీ అంచనా రాసుకున్నాకే తెరవండి. తేడా వస్తే మచ్చ పరిమాణం చూడండి. కిలోమీటరు గడిలో పది ఎకరాల గని కప్పబడిపోవడం మామూలే.

పామాయిల్ దగ్గర మరో జాగ్రత్త. ప్రపంచంలో అత్యధికంగా పామాయిల్ దిగుమతి చేసుకునేది మన దేశమే, కాకినాడ, కృష్ణపట్నం రేవుల్లో శుద్ధి కర్మాగారాలున్నాయి. అలాగని కలిమంటన్ మచ్చ నుంచి మన బజ్జీల బాణలి దాకా గీత గీసేయలేం. మిల్లు దాటాక నూనె ఇతర మిల్లుల నూనెతో కలిసిపోతుంది. ఉపగ్రహం సాక్ష్యం మిల్లు గేటు దగ్గర ఆగుతుంది, ఆ తర్వాత కంపెనీలు ప్రకటించే మిల్లుల జాబితాలు, ఓడ పత్రాలు కావాలి.

చివరికి రాసే వాక్యంలో చూసింది, అనుకున్నది వేరువేరుగా ఉండాలి. నమూనా ఇలా: ‘ఈ 140 హెక్టార్ల మచ్చ జూన్ 12, జులై 2 నాటి సెంటినెల్-2 చిత్రాల మధ్య పడింది. సెప్టెంబరులో మంట చుక్కలున్నాయి. రెండేళ్ల తర్వాత పచ్చిక, ఒక నీటి గుంట, పశువుల దారులు ఉన్నాయి. 3 కిలోమీటర్ల దూరంలో అంతకు ముందు ఏడు పడిన, పటంలో లేని బాట ఉంది. పచ్చిక కోసం కొట్టారనడానికి నమ్మకం ఎక్కువ. పట్టా ఆశతో కొట్టారనడానికి నమ్మకం మధ్యస్థం, ఎందుకంటే రిజిస్ట్రీలో రెండు గీతలు ఒకదానిపై ఒకటి పడ్డాయి.’ యజమాని పేరు మాత్రం చిత్రం చూసి రాయకండి. రిజిస్ట్రీలో గీసినవాడు, మంద పెట్టినవాడు, రంపం పట్టినవాడు ముగ్గురు వేరు మనుషులు కావచ్చు.